శివారు రైలు, ఫీడర్ బస్సు: పొద్దున నిశ్చింత, రాత్రి టెన్షన్

రైలు మా శివారు దాకా వచ్చి, స్టేషన్ నుంచి చుట్టుపక్కల ఊళ్లకు ఫీడర్ బస్సులు వేసి కొన్నేళ్లయింది. మొదటి నుంచీ వీటి మీదే ఉద్యోగానికి వెళ్లొస్తున్నాను. సీట్లు, ఏసీ, టికెట్ కార్డు గురించి అందరికీ తెలుసు, వాటి జోలికి పోను. నా కోపమంతా ఒక్కదాని మీదే: రాత్రి రైలు దిగేసరికి బస్సు ఉంటుందో ఉండదో తెలియకపోవడం.

పొద్దున ఏ ఇబ్బందీ లేదు. బస్సు కాస్త ఆలస్యమైనా వెనకాలే ఇంకో రైలు ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడే కష్టం. రాత్రి మా వైపు బస్సు గంటకొకటి. అంటే రైలు మూడు నిమిషాలు ఆలస్యమైతే నేను ఇంటికి గంట ఆలస్యంగా చేరతాను. ఆఖరి బస్సైతే ఆ గంట కూడా ఉండదు.

ఒక రాత్రి అదే జరిగింది. సిగ్నల్ చెడిపోయి రైలు మా స్టేషన్‌కు కొద్ది దూరంలో ఆగిపోయింది. కిటికీలోంచి బస్సుల ఆవరణలో లైట్లు కనపడుతున్నాయి. రైలు కదిలి ప్లాట్‌ఫాం మీదికి వచ్చేసరికి ఆఖరి బస్సు గేటు దాటుతోంది. కొందరు పరుగెత్తారు, అందలేదు. డ్యూటీ దిగి వస్తున్న ఒక నర్సు, పరీక్ష రాసి వస్తున్న ఇద్దరు పిల్లలు, నేను, ఇంకొందరం ఆ చీకట్లో నిలబడిపోయాం. ఎవరో ఇంటికి ఫోన్ చేసి కారు తెప్పిస్తే, రెండు విడతల్లో అందరం ఇళ్లు చేరాం. బస్సు మాత్రం దాదాపు ఖాళీగా వెళ్లింది.

మర్నాడు డ్రైవర్‌ని అడిగాను. "రైలు ఎక్కడుందో మాకు తెలియదమ్మా. టైముకి తీయకపోతే ఆ లేటు నా పేరు మీద రాస్తారు" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. రైలు ఒక ఆఫీసుది, బస్సు ఇంకో ఆఫీసుది. ఎవరి సమయపాలన వాళ్లు చూసుకుంటారు. మధ్యలో మనిషి బస్సు అందుకున్నాడా లేదా అన్నది ఎవరి లెక్కలోకీ రాదు. రైలు ఎక్కడుందో నా ఫోన్‌లో కనపడుతోంది, తెలియాల్సిన డ్రైవర్‌కి తెలియడం లేదు!

స్విట్జర్లాండ్‌లో దీన్నే ముందు ఆలోచించారు. 1982 నుంచి అక్కడ రైళ్లు దేశమంతటా గంటగంటకూ ఒకే నిమిషానికి బయల్దేరేలా టైమ్‌టేబుల్ పెట్టారు. 2004లో కొత్త లైను వేసి జూరిక్-బెర్న్ ప్రయాణాన్ని 56 నిమిషాలకు తగ్గించారు. గడియారంలో గంట నిండేలోపు రైళ్లు జంక్షన్ చేరితే, అన్ని వైపులకూ వెళ్లే రైళ్లూ బస్సులూ ఆ తర్వాత కదులుతాయి. ఎంత వేగం కావాలో కనెక్షనే నిర్ణయించింది. చిన్న ఊరివాళ్లకు అసలు మేలు అక్కడుంది.

నేను అంత అడగడం లేదు. పగటి బస్సులు ఆగక్కర్లేదు, ముందు స్టాపుల్లో జనం ఎదురుచూస్తుంటారు. ఆఖరి బస్సు మాత్రం ఆఖరి రైలు వచ్చేదాకా ఆగాలి. ఈ మధ్య అది పది నిమిషాలు ఆలస్యంగా బయల్దేరేలా టైము మార్చారు. కొంత నయమే. అయినా నేను ఇప్పటికీ ఒక రైలు ముందే ఎక్కి, స్టేషన్‌లో కూర్చుని ఎదురుచూస్తున్నాను. శివారుకు ఇంత తక్కువ సమయంలో చేరొచ్చని చెప్పే లెక్కల్లో ఆ ఎదురుచూపు ఎక్కడా ఉండదు.

మొదటి ఏడాది, ఇంట్లో రెండో బండి అక్కర్లేదని అందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడూ చెబుతాను, కాకపోతే తొమ్మిదిలోపు ఇల్లు చేరేవాళ్లకే. నా ఆఫీసులో త్వరగా బయల్దేరనిస్తారు, బస్సు తప్పితే వచ్చి తీసుకెళ్లే మనిషి ఇంట్లో ఉన్నాడు. అందుకే నాకు సాగిపోతోంది. రాత్రి షిఫ్టు చేసి ఒంటరిగా తిరిగొచ్చేవాళ్లకైతే, బండి అప్పుడే అమ్మొద్దనే చెబుతాను.