అన్నపూర్ణ సర్క్యూట్‌లో రాత్రులు: ఏ గదికి ఏ స్లీపింగ్ బ్యాగ్

నేపాల్‌లో అన్నపూర్ణ కొండల చుట్టూ తిరిగే ట్రెక్కింగ్ దారి, అన్నపూర్ణ సర్క్యూట్‌కి బయల్దేరేవాళ్లు ముందు షూస్ గురించి అడుగుతారు, తర్వాత ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి గురించి అడుగుతారు. స్లీపింగ్ బ్యాగ్ మాట ఆఖర్న వస్తుంది. అదీ "లాడ్జిలో రజాయిలు ఇస్తారట కదా, మళ్లీ బ్యాగ్ ఎందుకు?" అని. కావాలి. అయితే ఎంత వెచ్చటిది కావాలన్నది మీరు ఏ ఊళ్లో, ఎలాంటి గదిలో పడుకుంటారన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే బ్యాగ్ గురించీ బస గురించీ కలిపే రాస్తున్నాను.

మేము వెళ్లింది దసరా తర్వాత, అక్టోబరు చివర్లో. నేనూ, మా అక్కా. ఇద్దరం విశాఖలో పుట్టి పెరిగినవాళ్లం, చలి అంటే మాకు తెలిసింది లంబసింగి. నేను డౌన్ బ్యాగ్, అంటే బాతుల నూగు నింపినది, ముందే కొనుక్కున్నాను, అక్క ఖాట్మండులో అద్దెకి తీసుకుంది. ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద రెండూ ఉండటంతో తేడా బాగా తెలిసింది.

కొనేముందు తెలుసుకోవాల్సింది బ్యాగ్ మీది అంకెల సంగతి. యూరప్ వాళ్ల ఈఎన్ 13537 ప్రమాణం, దాని స్థానంలో 2016లో వచ్చిన ఐఎస్ఓ 23537, రెండూ చలి విషయంలో మూడు ఉష్ణోగ్రతలు చెబుతాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. కంఫర్ట్ అంటే ఒక సగటు మహిళ కాళ్లు చాపుకుని హాయిగా నిద్రపోగలిగే చలి. లిమిట్ అంటే ఒక సగటు పురుషుడు ముడుచుకుని పడుకుని ఎలాగోలా రాత్రి గడపగలిగే చలి. ఎక్స్‌ట్రీమ్ ప్రాణం నిలుపుకోవడానికి మాత్రమే, నిద్రకి పనికిరాదు. చాలా కంపెనీలు బ్యాగ్ పేరులో లిమిట్ అంకెనే పెద్దగా వేస్తాయి. ఆడవాళ్లూ, చలికి తట్టుకోలేని మగవాళ్లూ కంఫర్ట్ అంకె ఒక్కటే చూడండి. మిగతా రెండూ ఉన్నాయన్న సంగతే మర్చిపోండి. ఇంకో విషయం, ఈ అంకెలు తేల్చే పరీక్షలో ఒక మనిషి బొమ్మకి థర్మల్స్, సాక్స్, టోపీ తొడిగి, కింద మ్యాట్ వేసి కొలుస్తారు. టీషర్టుతో దూరి "సున్నా డిగ్రీలన్నారు, వణికిపోయాను" అంటే తప్పు బ్యాగ్‌ది కాదు.

రెండో అంకె ఫిల్ పవర్. 550, 650, 800, 900 అని ఉంటుంది. ఒక ఔన్సు డౌన్, అంటే సుమారు 28 గ్రాములు, ఎన్ని ఘనపు అంగుళాల మేర పొంగుతుందో అది చెబుతుంది. డౌన్ అంటే బాతుల పొట్ట దగ్గర పెద్ద ఈకల కింద ఉండే మెత్తటి నూగు. అది పొంగి గాలిని పట్టి ఉంచుతుంది, ఆ గాలే మనకి వెచ్చదనం. చాలామంది 800 చూడగానే ఇదే వెచ్చటిది అనుకుంటారు. ఆ అంకె నాణ్యతదే. లోపల ఎన్ని గ్రాములు నింపారో కూడా చూడాలి. 800 రకం 300 గ్రాములు నింపిన బ్యాగ్ కంటే 650 రకం 600 గ్రాములు నింపిన బ్యాగే వెచ్చగా ఉంటుంది, కాకపోతే బరువు పెరుగుతుంది. ఫిల్ పవర్‌కి పెట్టే డబ్బు బరువు తగ్గడానికే. రోజూ వీపున మోసుకుంటూ వందల కిలోమీటర్లు నడిచేవాళ్లకి ఆ డబ్బు దండగ కాదు. పోర్టర్‌ని పెట్టుకుంటున్నా సరే, మోసేది ఇంకో మనిషే కదా.

నేను తీసుకున్నది కంఫర్ట్ సున్నాకి కొంచెం కింద ఉన్న డౌన్ బ్యాగ్, బరువు కిలోకి అటూఇటూ. అదే వెచ్చదనం సింథటిక్‌లో, అంటే కృత్రిమ పీచు నింపిన రకంలో కావాలంటే దాదాపు రెట్టింపు బరువు, బ్యాక్‌ప్యాక్‌లో సగం దానికే పోతుంది. ధర మాత్రం డౌన్‌కి పది వేలు పైమాటే. మన ఊరి షాపుల్లో ఎక్కువగా సింథటిక్ రకాలే కనిపిస్తాయి, డౌన్ కావాలంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. ఈకలు ఎలా సేకరించారన్నది పట్టించుకునేవాళ్లు ఆర్‌డీఎస్ గుర్తు ఉందో లేదో చూసుకోవచ్చు. బతికున్న పక్షుల నుంచి పీకినవి కాదని చెప్పే ప్రమాణం అది, 2014 నుంచి ఉంది.

తెలుగువాళ్లకి నాదొక సలహా. కొన్న బ్యాగ్‌ని జనవరిలో లంబసింగి తీసుకెళ్లి ఒక రాత్రి పడుకుని చూడండి. తెల్లవారుజామున సున్నా దగ్గరికి దిగే రోజులు అక్కడుంటాయి. జిప్పు మెడ దగ్గర ఇరుక్కుంటుందా, పాదాల దగ్గర చోటు చాలుతుందా, పక్కకి తిరిగితే బ్యాగ్ మనతో పాటు తిరుగుతుందా, ఇవన్నీ షాపులో నిలబడి తేల్చుకునే సంగతులు కావు.

ఇక అద్దె సంగతి. ఖాట్మండు థమేల్‌లో అడుగడుగునా ట్రెక్కింగ్ షాపులే, దాదాపు అందరూ స్లీపింగ్ బ్యాగులు అద్దెకి ఇస్తారు. మాకు చెప్పిన ధరలు రోజుకి వంద నుంచి రెండు వందల నేపాలీ రూపాయల మధ్య. మన ఒక రూపాయికి వాళ్లవి 1.60 రూపాయలని స్థిరం కాబట్టి లెక్క తేలిక. పైన డిపాజిట్ పెట్టాలి. కొందరు పాస్‌పోర్ట్ అడుగుతారు, ఇవ్వకండి, డబ్బే ఇవ్వండి. మొదట వెళ్లిన షాపులో అన్ని బ్యాగుల మీదా "మైనస్ 20" అని కుట్టి ఉంది. అక్క ఒకటి తీసి తలుపు దగ్గర వెలుతురుకి అడ్డంగా పట్టుకుంది. గళ్లలో డౌన్ అంతా ఒక మూలకి జారిపోయి, మిగతా చోట గుడ్డలోంచి వీధి కనిపిస్తోంది. "దాయి (అన్నా), ఇంకోటి చూపించండి" అంటే అతను నొచ్చుకోకుండా పై అరలోంచి ఇంకో మూడు దించాడు. అవి కూడా అంతంతమాత్రమే. రెండు వీధుల అవతల ఇంకో షాపులో మంచిది దొరికింది.

అద్దె బ్యాగ్ ఎంచుకునేటప్పుడు మేము చేసింది ఇదీ. సంచిలోంచి తీసి నేల మీద పరిచి, దులిపి, టీ తాగి వచ్చేదాకా వదిలేశాం. ఆ కాసేపట్లో లేచి పొంగితే ప్రాణమున్న డౌన్, అలాగే చప్పగా పడి ఉంటే ఎన్నో సీజన్లు నలిగినది. గళ్లని వేళ్లతో నలిపితే మెత్తగా జారిపోవాలి, గట్టి ఈకల కాడలు గుచ్చుకుంటే నాసిరకం. కుట్టు పైగుడ్డనీ లోపలి గుడ్డనీ నేరుగా కలిపేస్తే ఆ గీత వెంబడి చలి వస్తుంది. రెంటి మధ్యా అడ్డుగోడలా గుడ్డ పట్టీ ఉంటే మంచిది. జిప్పు వెనక పొడుగునా డౌన్ నింపిన గొట్టం ఉండాలి. వాసన కూడా చూడండి, మొహమాటం వద్దు. అద్దె బ్యాగ్‌లో పడుకోవడానికి లైనర్, అంటే లోపల వేసుకునే పలచటి గుడ్డ సంచి, తప్పనిసరి. అక్కది అమ్మ పాత పట్టుచీర, జరీ అంచు తీసేసి టైలర్ చేత గలేబులా కుట్టించింది. తూకానికి ఏమీ ఉండదు, ఒకటి రెండు డిగ్రీల వెచ్చదనం అదనం.

అన్నపూర్ణ పర్మిట్ సార్క్ దేశాల వాళ్లకి వెయ్యి నేపాలీ రూపాయలు, మిగతా విదేశీయులకి మూడు వేలు. మనకి వీసా అక్కర్లేదు.

ఇక గదులు. చామే (2,670 మీటర్లు) దాకా బ్యాగ్ తీయాల్సిన అవసరమే రాలేదు. ప్లైవుడ్ గోడల గది, రెండు మంచాలు, ఫోమ్ పరుపు, ఒక మందపాటి రజాయి. నది పక్కన వేడినీటి ఊట కూడా ఉంది, కాళ్లు పెట్టుకుంటే అలసట తీరుతుంది. పరుపు అన్నిచోట్లా ఉంటుంది కాబట్టి మ్యాట్ మోసుకెళ్లక్కర్లేదు. గుడారంలో పడుకునే ట్రెక్ అయితే మాత్రం బ్యాగ్ ఎంత మంచిదైనా మ్యాట్ లేకపోతే వృథా. ఒంటి కింద నలిగిన డౌన్ వెచ్చదనం ఇవ్వదు.

అప్పర్ పిసాంగ్ (3,300) నుంచి అసలు కథ. ఇక్కడ గదుల్లో హీటర్ ఉండదు, పొయ్యి ఉండేది డైనింగ్ హాల్లోనే, అదీ రాత్రి ఎనిమిదింటి దాకా. ఆ తర్వాత గది చలికీ బయటి చలికీ ఉన్న తేడా ఒక పలచటి చెక్క. మా గది కిటికీ పూర్తిగా మూసుకోలేదు. నా బ్యాగ్ ఒక్కటే సరిపోయింది, అక్క తన బ్యాగ్ మీద రజాయి కూడా కప్పుకుంది. అయినా మొత్తం దారిలో నాకు బాగా నచ్చిన బస ఇదే. పొద్దున్న తలుపు తీస్తే ఎదురుగా అన్నపూర్ణ రెండో శిఖరం, చేతికందేంత దగ్గర్లో.

మనాంగ్ (3,540) పెద్ద ఊరు. ఎత్తుకి అలవాటు పడటానికి అందరూ ఇక్కడ ఒక రోజైనా ఆగుతారు. హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల ఆరోగ్య కేంద్రంలో సీజన్‌లో మధ్యాహ్నం పూట ఎత్తువల్ల వచ్చే జబ్బుల గురించి డాక్టర్లు చెబుతారు, తప్పక వినండి. బేకరీలు, షాపులు ఉన్నాయి. చార్జింగ్‌కి, వేడి నీళ్లకి విడిగా డబ్బు తీసుకుంటారు. గది అద్దె తక్కువే, కాకపోతే రాత్రి భోజనం, టిఫిను వాళ్ల దగ్గరే చేయాలి. ఈ దారంతా అదే పద్ధతి, న్యాయమైనదే అనిపించింది. మూడు పూటలా దాల్‌భాత్ తిన్నా విసుగు రాలేదు, అన్నం అడిగినంత మళ్లీ వడ్డిస్తారు.

మనాంగ్‌లో ఎండ మంచిగా కాసింది. పదింటికల్లా లాడ్జి మేడ మీద ఎవరి బ్యాగులు వాళ్లు తిరగేసి ఆరేశారు. ఇది చాలా ముఖ్యం. రాత్రంతా ఒంటి చెమ్మ డౌన్‌లోకి పోతుంది, రోజూ కొంచెం కొంచెంగా పొంగు తగ్గుతుంది. తల లోపల పెట్టి ఊపిరి వదిలితే ఇంకా త్వరగా తడుస్తుంది. ముక్కూ నోరూ బయటే ఉంచాలి, తలకి ఉన్ని టోపీ పెట్టుకోవాలి. తడిసిన డౌన్ ముద్దయిపోతుంది, ఆ రాత్రికి ఇక పనికిరాదు. సింథటిక్‌కి ఈ బాధ తక్కువ. అందుకే బ్యాగ్‌ని ఎప్పుడూ నీళ్లు చొరని సంచిలోనే పెట్టుకోండి.

ఈ దారిలో వాతావరణం ఎంత మారిపోగలదో విశాఖ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న మన ఊరి మీద విరుచుకుపడ్డ హుద్‌హుద్ బలహీనపడి ఉత్తరానికి వెళ్లి, రెండు రోజులకి ఇక్కడ మంచుతుఫానైంది. ఈ దారిలో దాటాల్సిన తోరాంగ్ లా కనుమ పరిసరాల్లోనూ, చుట్టుపక్కల కొండల్లోనూ కనీసం 43 మంది చనిపోయారు. చెట్లు కూలిన మన వీధులు గుర్తున్నవాళ్లకి ఆ చోట నిలబడితే మనసు కలుక్కుమంటుంది. బంగాళాఖాతంలో తుఫాను ఉందంటే మనాంగ్‌లోనే ఆగిపోండి. ఏ బ్యాగూ దానికి సమాధానం కాదు.

యాక్ ఖర్కా (4,050)లో ఒక లాడ్జిలో రజాయిలు పెద్ద గ్రూపులకి ముందే ఇచ్చేశారు, మాకు మనిషికొకటి కూడా మిగల్లేదు. దొరికిన ఒక్కటీ తేమగా ఉంది. సీజన్‌లో ఇది మామూలేనని తర్వాత చాలామంది చెప్పారు. "రజాయి ఉంటుందిలే" అని పలచటి బ్యాగ్‌తో వచ్చినవాళ్లు ఆ రాత్రి డైనింగ్ హాల్లో పొయ్యి చుట్టూ పడుకున్నారు. లాడ్జి దీదీ మాత్రం మా సీసాల్లో మరిగే నీళ్లు పోసిచ్చింది. గట్టి మూత సీసాకి సాక్స్ తొడిగి పాదాల దగ్గర పెట్టుకుంటే తెల్లవారేదాకా ఆ వెచ్చదనం ఉంటుంది, పొద్దున్న తాగడానికి గడ్డకట్టని నీళ్లూ ఉంటాయి.

తోరాంగ్ ఫేదీ 4,500 మీటర్ల దగ్గర, దానిపైన హై క్యాంప్ 4,900 దగ్గర. ఎత్తు ఒంటికి పట్టకపోతే ఫేదీలోనే పడుకోవడం మంచిది. మేము హై క్యాంప్‌లో పడుకున్నాం. గది గోడలు రాతివి, గాలి చొరదు కానీ రాయి చల్లదనం ఎముకల్లోకి దిగుతుంది. కిటికీ అద్దం లోపలివైపే మంచు పట్టింది. ఇక్కడ నా సున్నా డిగ్రీల బ్యాగ్ ఒక్కటే చాలదు. థర్మల్స్, డౌన్ జాకెట్, పైన రజాయి కలిస్తే సరిపోయింది. అక్క అద్దె బ్యాగ్ బరువు నాదానికంటే బాగా ఎక్కువ, కానీ ఆ రాత్రి ఆవిడే హాయిగా పడుకుంది. ఈ ఒక్క రాత్రి కోసం మైనస్ పది కంఫర్ట్ బ్యాగ్ దారంతా మోయాలా? నేనైతే మోయను. తెల్లవారుజామున నాలుగింటికి ఎలాగూ లేవాలి, పొద్దెక్కితే కనుమలో గాలి మొదలవుతుంది. చలికి అస్సలు ఆగలేనివాళ్లు మాత్రం వెచ్చటిదే అద్దెకి తీసుకోండి.

5,416 మీటర్ల కనుమ దాటి దిగితే ముక్తినాథ్. నూట ఎనిమిది ధారల కింద స్నానం చేస్తున్నవాళ్లలో తెలుగు మాటలు వినిపించాయి. ఇది దివ్యదేశం కాబట్టి మనవాళ్లు పోఖరా నుంచి జీపుల్లో, జోమ్‌సోమ్ దాకా విమానంలో చాలామంది వస్తారు. అలా వచ్చేవాళ్లకి స్లీపింగ్ బ్యాగ్ అనవసరం. గుడి కింద రాణీపౌవాలో లాడ్జిలు బాగున్నాయి, రజాయిలు మందంగా ఉన్నాయి, మా గదిలో గీజర్ కూడా ఉంది. జోమ్‌సోమ్ విమానాలు మధ్యాహ్నం గాలి వల్ల పొద్దున్నే ఎగురుతాయి, తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా పెట్టుకోండి.

ఒక్కసారి వెళ్లొచ్చేవాళ్లకి అద్దెదే సరైనది. ఏటా కొండలకి వెళ్లాలనుకుంటే కొనండి, కానీ కోస్తా ఊళ్లలో దాన్ని కాపాడుకోవడం ఒక పనే. కుక్కి కట్టే చిన్న సంచిలో నెలల తరబడి ఉంచితే డౌన్ చచ్చిపోతుంది. నేను పెద్ద నూలు గలేబులో వదులుగా వేసి, సిలికా జెల్ పొట్లాలు పెట్టి, బీరువా పై అరలో ఉంచాను. వానాకాలంలో పొడి ఎండ వచ్చిన రోజు చూసి నీడపట్టున ఆరేస్తాను. ఉతకడం ఏళ్లకోసారి చాలు. డౌన్‌కి వాడే సబ్బుతో, ముందు తలుపున్న మెషీన్‌లో, తర్వాత డ్రయర్‌లో తక్కువ వేడి మీద రెండు టెన్నిస్ బంతులు వేసి గంటల తరబడి ఆరబెట్టాలి. ఉండలు పూర్తిగా విడిపోయేదాకా తీయకండి.