టీబీ జంతు ప్రయోగాలకు ఢిల్లీ ఉమ్మడి ప్రయోగశాల: వాడి చూసిన అనుభవం

క్షయ మీద పనిచేసే చిన్న ప్రయోగశాలలన్నీ ఏదో ఒక రోజు ఒకే చోట ఆగిపోతాయి. మందు పరీక్షనాళికలో పనిచేస్తుంది, పెంచిన కణాల్లోనూ పనిచేస్తుంది. ఆ తరువాత జంతువులో చూడాలి. అది గాలి ద్వారా సోకే జబ్బు కాబట్టి మామూలు జంతుశాల పనికిరాదు, ఏబీఎస్ఎల్-3 స్థాయి (జంతు ప్రయోగాలకు మూడో జీవభద్రతా స్థాయి) గదులు కావాలి. లోపలి గాలి పీడనాన్ని బయటికంటే తక్కువగా ఉంచడం, బయటికి పోయే గాలిని సూక్ష్మక్రిములను పట్టి ఆపే హెపా ఫిల్టర్ల గుండా పంపడం, వాడిన ప్రతి వస్తువునూ ఆటోక్లేవ్ చేశాకే (పీడనంతో కూడిన వేడి ఆవిరిలో క్రిములను చంపాకే) తలుపు దాటించడం ఇవన్నీ రాత్రీ పగలూ ఆగకుండా సాగాలి. అలాంటి గదులను కట్టడం ఒక ఎత్తయితే, ఏళ్ల తరబడి నడపడం మరో ఎత్తు. న్యూఢిల్లీ అరుణా ఆసఫ్ అలీ మార్గ్‌లోని ఐసీజీఈబీ (అంతర్జాతీయ జన్యు ఇంజనీరింగ్, బయోటెక్నాలజీ కేంద్రం) ఆవరణలో, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం తోడ్పాటుతో ఏర్పడిన టీబీ ఏరోసాల్ ఛాలెంజ్ ఫెసిలిటీ (గాలి తుంపరతో జంతువులకు క్షయ సోకించి పరీక్షించే ఉమ్మడి ప్రయోగశాల) మాబోటి వారి అవసరం తీర్చడానికే ఉంది. హైదరాబాద్ నుంచి వెళ్లి అక్కడ ఒక ఎలుకల ప్రయోగం పూర్తి చేసుకుని వచ్చాం.

ఇలాంటి చోటును భవనాన్ని బట్టి కాదు, ఒకటో రోజు లెక్కను (సోకించిన మరునాడు ఊపిరితిత్తుల్లో ఎంత బ్యాక్టీరియా ఉందన్న లెక్కను) బట్టి అంచనా వేయాలని నా అభిప్రాయం. ఎలుకలను బుట్టలాంటి అరల్లో ఉంచి మాడిసన్ ఛాంబర్ అనే మూసిన గదిపెట్టెలోకి పంపుతారు. నెబ్యులైజర్ బ్యాక్టీరియా ద్రవాన్ని కంటికి కనిపించనంత సన్నని తుంపరగా మారుస్తుంది, ఎలుకలు ఆ గాలినే పీలుస్తాయి. మరునాడు కొన్నింటి ఊపిరితిత్తులను నూరి, ఆ ద్రవాన్నంతా అగార్ ప్లేట్ల (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ పళ్లేల) మీద పరుస్తారు. మొదటి రోజు బ్యాక్టీరియా చాలా తక్కువగా ఉంటుంది కాబట్టి కొంత తీసి కొంత వదిలేస్తే లెక్క తప్పుతుంది. సాధారణంగా ఒక్కో ఎలుకకు వంద నుంచి రెండు వందల కాలనీలు (బ్యాక్టీరియా పెరిగి ఏర్పడే చుక్కలు) రావాలి. మా నాలుగు ఎలుకల లెక్కలూ ఆ హద్దులోనే, ఒకదానికొకటి దగ్గరగా వచ్చాయి. ఆ ప్లేట్లను చూసినప్పుడు కలిగిన నిశ్చింత మాటల్లో చెప్పలేను.

అంత నిశ్చింత ఎందుకంటే, అంతకుముందు మరో చోట (పేరు రాయను) రుసుము కట్టి చేయించుకున్న ప్రయోగంలో ఒకటో రోజు లెక్క అడిగితే ఇవ్వలేదు. చివరికి ఒకే గుంపులోని ఎలుకల మధ్య బ్యాక్టీరియా లెక్కలో పది రెట్ల తేడా కనిపించింది. మందు పనిచేయలేదా, లేక మొదటే బ్యాక్టీరియా మోతాదు అన్నింటికీ సమంగా అందలేదా అన్నది తేల్చుకునే దారి లేక ఆ ఫలితాలను పక్కన పెట్టాం. అన్ని ప్రాణాలు వృథా అయ్యాయన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. మోతాదు సమంగా అందితేనే తక్కువ జంతువులతో నమ్మదగిన జవాబు వస్తుంది. ఉమ్మడి ప్రయోగశాల అవసరమని నేను గట్టిగా చెప్పడానికి డబ్బు ఆదా కన్నా ఇదే పెద్ద కారణం.

వెళ్లేవారు తమ వైపు నుంచి జాగ్రత్త పడవలసిన సంగతి ఒకటుంది. క్షయ బ్యాక్టీరియా పైపొర మైనంలాంటిది కావడంతో కణాలు ఒకదానికొకటి అతుక్కుని తాళ్లలా పేనుకుంటాయి. ముద్దలున్న ద్రవాన్ని నెబ్యులైజర్‌లో పోస్తే ఎంత మంచి ఛాంబర్ అయినా ఏమీ చేయలేదు. మేము మొదట తయారు చేసుకున్న ద్రవాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే అడుగున సన్నని నలకలు కనిపించాయి. దాన్ని పారబోసి, మళ్లీ సన్నని సూది గుండా పలుమార్లు లాగి, ముద్దలు అడుగుకు దిగేదాకా ఆగి, పైతేటను మాత్రమే తీసుకున్నాం. దీనికి ఒక రోజు అదనంగా పట్టింది.

ఏ జంతువును ఎంచుకోవాలో ముందే తేల్చుకోవాలి. మామూలుగా వాడే సీ57బ్లాక్6 రకం ఎలుకల ఊపిరితిత్తుల్లో మనుషుల్లో కనిపించే కుళ్లిన గడ్డలు సాధారణంగా ఏర్పడవు, గినీ పిగ్‌లలో ఏర్పడతాయి. మందు ఆ గడ్డల లోపలికి చేరుతుందా అన్నది మీ ప్రశ్న అయితే ఎలుకల ఫలితం చాలదు. గినీ పిగ్‌లకు ఖర్చూ చోటూ ఎక్కువే అయినా, ప్రశ్నకు తగిన జంతువును వాడకపోవడం అంతకన్నా ఖరీదైన పొరపాటు.

కాగితాల పనికి నెలల గడువు పెట్టుకోండి. జంతు నైతిక సంఘం అనుమతి, జీవభద్రతా సంఘం అనుమతి చేతిలో లేకుండా తేదీలు అనుకుని లాభం లేదు. ప్రయాణాల లెక్క కూడా వేరుగా వేసుకోవాలి: ఈ బ్యాక్టీరియా రెట్టింపు కావడానికే దాదాపు ఒక రోజు పడుతుంది కనుక ప్లేట్ల మీద కాలనీలు లెక్కకు రావడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. వారం రోజుల సెలవుతో వెళ్లి ముగించుకు వద్దామనుకుంటే కుదరదు. మేము మూడో వారంలో ఒకసారి, నాలుగో వారంలో ఒకసారి లెక్కపెట్టాం. రెండోసారి కొత్తగా కనిపించిన చిన్న కాలనీలే మందు తీసుకున్న గుంపు లెక్కను మార్చాయి.