ఎక్సెల్ మ్యాక్రోల్లో తేదీ ఫంక్షన్లు: లెక్కలో దిట్ట, చదవడంలో తడబాటు

ఎక్సెల్ మ్యాక్రోలు (ఎక్సెల్‌లో పనులను దానంతట అదే చేసేలా రాసుకునే చిన్న ప్రోగ్రాములు) రాయడానికి వాడే వీబీఏ భాషలోని తేదీ ఫంక్షన్లను జీతాల బిల్లులు, సర్వీసు రిజిస్టర్లు, వాయిదాల పట్టికలు చూసేవారి అవసరాల దృష్ట్యా ఈ సమీక్షలో పరిశీలించాను. అప్పటికే తేదీగా ఉన్న విలువపై లెక్క కట్టే ఫంక్షన్లు చాలావరకు ధైర్యంగా వాడదగినవే. అక్షరాల రూపంలో వచ్చినదాన్ని తేదీగా మార్చే ఫంక్షన్లను మాత్రం, రోజు ముందు, నెల తరువాత రాసే మనలాంటివారు నమ్మి ఊరుకోకూడదు.

వీటన్నిటిలో డేట్‌సీరియల్‌కే నా మొదటి మార్కు. అది సంవత్సరం, నెల, రోజు అనే మూడు సంఖ్యలను విడివిడిగా అడుగుతుంది కనుక ఏది రోజు, ఏది నెల అన్న సందేహానికి తావే లేదు. పైగా హద్దు దాటిన సంఖ్య ఇచ్చినా సర్దుకుపోతుంది: పదమూడో నెల అంటే మరుసటి జనవరి అని, సున్నా తేదీ అంటే ముందు నెల ఆఖరి రోజు అని తీసుకుంటుంది. 2024, 3, 0 అని ఇస్తే 2024 ఫిబ్రవరి 29 వస్తుంది. లీపు సంవత్సరమా కాదా అని విడిగా పరీక్షించే పనే ఉండదు. ఈ గుణం విలువ పదవీ విరమణ తేదీల లెక్కలో బాగా తెలుస్తుంది. ప్రభుత్వోద్యోగులు విరమణ వయసు నిండిన నెల చివరి రోజున రిటైరవుతారు. ఒకటో తేదీన పుట్టినవారు మాత్రం అంతకు ముందు నెల చివరి రోజునే. దీనికోసం ఇఫ్ షరతులు వరసగా పేర్చనక్కరలేదు. పుట్టిన తేదీలోంచి ఒక రోజు తీసేసి, అలా వచ్చిన తేదీలోని సంవత్సరానికి 62 (ఆంధ్రప్రదేశ్‌లో సాధారణ విరమణ వయసు ఇది, తెలంగాణకైతే 61), నెలకు 1 కలిపి, రోజు స్థానంలో సున్నా పెడితే సరిపోతుంది. 1964 జూలై 1న పుట్టినవారికి 2026 జూన్ 30, జూలై 2న పుట్టినవారికి 2026 జూలై 31 వస్తాయి.

అక్షరాలను తేదీగా మార్చే సీడేట్, డేట్‌వాల్యూ, అలా మార్చడం వీలవుతుందా అని చెప్పే ఈజ్‌డేట్ల తీరు వేరు. ఇవి విండోస్ ప్రాంతీయ సెట్టింగును బట్టి నడుస్తాయి కనుక "03/04/2024" అన్న అక్షరాలను ఇండియా సెట్టింగు ఉన్న కంప్యూటరులో సీడేట్ ఏప్రిల్ 3గాను, అమెరికా సెట్టింగుతో వచ్చిన ల్యాప్‌టాప్‌లో మార్చి 4గాను మారుస్తుంది. అంతకన్నా ప్రమాదకరమైనది సీడేట్ అతి చొరవ. అమెరికా సెట్టింగులో "13/04/2024" ఇస్తే పదమూడో నెల లేదు కనుక లోపం చూపించాల్సింది పోయి, రోజునూ నెలనూ తారుమారు చేసి ఏప్రిల్ 13 అనేస్తుంది. పన్నెండు దాటిన రోజులన్నీ సరిగ్గా, ఆ లోపువి దాదాపు అన్నీ తప్పుగా మారిన కాలమ్‌ను పైపైన చూసేవారికి అనుమానమే రాదు.

బ్యాంకు స్టేట్‌మెంటు వంటి సీఎస్‌వీ ఫైళ్ల (కామాలతో విడదీసిన వట్టి అక్షరాల పట్టికల) దగ్గర ఇంకో మెలిక ఉంది. డబుల్ క్లిక్ చేసి తెరిచినప్పుడు విండోస్ సెట్టింగును పాటించే ఎక్సెల్, అదే ఫైలును మ్యాక్రోలో వర్క్‌బుక్స్ డాట్ ఓపెన్‌తో తెరిస్తే, లోకల్ అన్న ఆర్గ్యుమెంటుకు ట్రూ ఇవ్వనంతవరకు అమెరికా పద్ధతినే అనుసరిస్తుంది. అప్పుడు కొన్ని తేదీలు నెల మారి సెల్లులో కుడి అంచుకు, మిగిలినవి వట్టి అక్షరాలుగా ఎడమ అంచుకు చేరతాయి. కాలమ్ ఇలా రెండు అంచులకు చీలి కనిపిస్తే అక్కడే ఆగి చూసుకోవాలి. అక్షరాలుగా చేతికొచ్చే తేదీలను స్ప్లిట్‌తో మూడు ముక్కలు చేసి డేట్‌సీరియల్‌కు అప్పగించడమే నికరమైన దారి. అయితే దాని సర్దుబాటు గుణం ఇక్కడ ఎదురు తిరుగుతుంది: 2023 ఫిబ్రవరి 31 అని ఎవరైనా పొరపాటున కొట్టినా మారుమాట లేకుండా మార్చి 3 ఇస్తుంది. అందుకే వచ్చిన తేదీలోని రోజు, మనం ఇచ్చిన రోజు ఒకటేనా అని సరిపోల్చుకోవాలి.

తేదీకి రోజులో నెలలో కలిపే డేట్‌యాడ్ మంచి ఫంక్షనే. 2024 జనవరి 31కి ఒక నెల కలిపితే ఫిబ్రవరి 29 అని చక్కగా చెబుతుంది. కానీ వాయిదాల పట్టికలో ముందు వాయిదాకు ఒక్కో నెల కలుపుతూ పోతే మార్చి నుంచి అన్నీ 29వ తేదీకే వచ్చి నిలుస్తాయి; కనుక ఎప్పుడూ మొదటి తేదీ నుంచే ఇన్ని నెలలని లెక్క కట్టాలి. రెండు తేదీల తేడా చెప్పే డేట్‌డిఫ్‌ను వయసు లెక్కకు వాడడం మాత్రం శుద్ధ దండగ. 2023 డిసెంబర్ 31కీ 2024 జనవరి 1కీ మధ్య ఎన్ని సంవత్సరాలని అడిగితే ఒకటి అంటుంది, ఎందుకంటే అది గడిచిన కాలాన్ని కాక దాటిన సరిహద్దులను లెక్కిస్తుంది. రోజుల తేడాకైతే దానికి వంక పెట్టలేము.

పనిదినాల లెక్కను వర్క్‌షీట్ ఫంక్షన్ల నుంచి అరువు తెచ్చుకోవాలి. నెట్‌వర్క్‌డేస్ ఇంటర్నేషనల్‌లో వారాంతపు సెలవులను నచ్చినట్టు ఎంచుకోవచ్చు కానీ ఆ ఎంపిక ప్రతి వారానికీ ఒకేలా వర్తిస్తుంది. 2015 సెప్టెంబర్ నుంచి మన బ్యాంకులు పాటిస్తున్న రెండో, నాలుగో శనివారాలు అందులో ఇమడవు. వాటిని సెలవుల జాబితాగా విడిగా అందించాలి. ఆ జాబితాను మ్యాక్రోతోనే తయారుచేయవచ్చు: నెలలో 14వ తేదీని డేట్‌సీరియల్‌తో తీసుకుని, దాని వీక్‌డే సంఖ్యను (ఆదివారానికి 1 నుంచి శనివారానికి 7 వరకు) ఏడుతో భాగించగా మిగిలే శేషాన్ని ఆ తేదీలోంచి తీసేస్తే రెండో శనివారం, దానికి 14 కలిపితే నాలుగోది వస్తాయి. ఉగాది, రంజాన్ వంటివి ఏటా తేదీ మారేవి కనుక వాటిని ప్రభుత్వ సెలవుల జీవో చూసి చేత్తో నింపుకోవలసిందే.