ఫ్లోరిడానా, కాలిఫోర్నియానా? తొలిసారి డిస్నీకి వెళ్లేవాళ్లకు ఏది మేలు?

అమ్మానాన్న విజిటర్ వీసా మీద వస్తున్నారు, పిల్లకు ఐదేళ్లు నిండుతున్నాయి, ఈ ఏడాది ఎలాగైనా డిస్నీకి వెళ్లాల్సిందే. అమెరికాలో ఉన్న చాలా తెలుగిళ్లలో ప్లాను ఇలాగే మొదలవుతుంది. ఆ వెంటనే వచ్చే ప్రశ్న: ఫ్లోరిడాలోని ఆర్లాండోకా, కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్ పక్కనున్న అనాహైమ్‌కా? ఎవరిని అడిగినా తాము వెళ్లొచ్చిందే గొప్పంటారు. నా మాట ముందే చెప్పేస్తాను. మూడు తరాలూ కలిసి వెళ్తున్న మొదటి ప్రయాణమైతే అనాహైమ్ మేలు. ఆర్లాండోలో లోటుందని కాదు, అది మరీ పెద్దది కావడమే చిక్కు.

ఆ పెద్దతనానికి ఓ కారణం ఉంది. అనాహైమ్‌లో డిస్నీల్యాండ్ 1955 జులైలో తెరిచారు. అది బాగా ఆడేసరికి చుట్టుపక్కల నారింజ తోటలు పోయి మోటళ్లు, దుకాణాలు గోడ పక్క దాకా వచ్చేశాయి. పార్కు కట్టించిన వాల్ట్ డిస్నీకి అది అస్సలు నచ్చలేదు. రెండోసారి ఆ ఇబ్బంది ఉండకూడదని, 1964, 65లలో ఫ్లోరిడాలో వేరే వేరే కంపెనీల పేర్లతో, కొంటున్నదెవరో బయటపడకుండా దాదాపు 27 వేల ఎకరాలు కొనిపించాడు. 1966లో ఆయన పోయాడు. అక్కడి వాల్ట్ డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరులో తెరుచుకుంది. ఇప్పుడక్కడ మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్ అని నాలుగు పార్కులు, రెండు వాటర్ పార్కులు, వాటి మధ్య కిలోమీటర్ల కొద్దీ రోడ్లు. అనాహైమ్‌లో ఉన్నవి రెండే పార్కులు: పాత డిస్నీల్యాండ్, 2001లో వచ్చిన కాలిఫోర్నియా అడ్వెంచర్. ఒకదాని గేట్లోంచి బయటికొస్తే ఎదురుగా రెండోదాని గేటు.

ఆయనకు కంటగింపైన ఆ మోటళ్లే ఇవాళ మనకు కలిసొస్తున్నాయి. హార్బర్ బులెవార్డ్ మీద పార్కు ఎదురు వరసలో గది తీసుకుంటే రోడ్డు దాటి పది, పదిహేను నిమిషాలు నడిస్తే గేటు. కారు అక్కర్లేదు, షటిల్ కోసం పడిగాపులు అక్కర్లేదు. ఉదయం గేటు తెరిచే వేళకు వెళ్లి, జనం పెరిగే పన్నెండు ఒంటిగంట మధ్య గదికి వచ్చేసి, తెచ్చుకున్న పెరుగన్నం తిని, ఓ కునుకు తీసి, మళ్లీ నాలుగింటికి వెళ్లొచ్చు. పిల్ల పేచీ పెడితే అమ్మమ్మ దాన్ని తీసుకుని ముందే వెనక్కి వచ్చేయొచ్చు, మిగతావాళ్ల రోజు పాడవదు. చాలా కుటుంబాల్లో గొడవలు మొదలయ్యేది మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి దాకా ఉన్న ఆ మూడు గంటల్లోనే. ఆ వేళ మంచం ఎంత దూరంలో ఉందన్నది చూసుకోవాలి. ఎన్ని రైడ్లున్నాయన్నది దాని తర్వాతి లెక్క.

అదే మ్యాజిక్ కింగ్‌డమ్‌కు బయటి హోటల్ నుంచి కారులో వెళ్లేవాళ్ల సంగతి చూడండి. కారు పార్కింగ్‌లో పెట్టాలి. అక్కడి నుంచి ట్రామ్ ఎక్కి, లేదా నడిచి, టికెట్ సెంటర్ చేరాలి. సెక్యూరిటీ దాటాలి. ఆ తర్వాత మోనోరైలో, సెవెన్ సీస్ లగూన్ అనే నీళ్ల మీద పడవో ఎక్కి అవతలికి వెళ్తే అప్పుడొస్తుంది అసలు గేటు. పడవ ప్రయాణం బాగుంటుంది, దూరంగా కోట కనిపిస్తుంటే పిల్లలు కేరింతలు కొడతారు. కానీ కారు దిగి పార్కులో కాలు పెట్టేసరికి ముప్పావు గంట గడిచిపోతుంది. మధ్యాహ్నం పడుకుని రావాలంటే ఇదంతా మరో రెండుసార్లు. ఎవరూ అంత పని పెట్టుకోరు. బాణసంచా అయ్యేదాకా అక్కడే వేలాడుతారు, రాత్రి పదింటికి నిద్రపోయిన పిల్లను భుజాన వేసుకుని మోనోరైలు క్యూలో నిలబడతారు. మిగతా మూడు పార్కులకు ఈ బాధ లేదు, పార్కింగ్ గేటు ముందే ఉంటుంది. మ్యాజిక్ కింగ్‌డమ్‌కు నడిచి వెళ్లగలిగే డిస్నీ సొంత హోటళ్లూ ఉన్నాయి, వాటి అద్దె చూస్తే కళ్లు తిరుగుతాయి.

ఇక వాతావరణం. పెద్దవాళ్లు మనదేశం నుంచి వచ్చేది ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో, తిరిగి వెళ్లేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. పిల్లల స్కూలు సెలవులూ ఆ మధ్యలోనే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆర్లాండోలో మే నెల కాకినాడ ఉక్కపోతే. పైగా చాలా రోజుల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములు మెరుపులతో వాన కురుస్తుంది, అప్పుడు బయటి రైడ్లన్నీ ఆపేస్తారు. తుపానుల కాలం నవంబరు దాకా ఉంటుంది. అనాహైమ్‌లోనూ ఎండ గట్టిగానే కాస్తుంది, కానీ గాలిలో చెమ్మ తక్కువ, సాయంత్రమయ్యేసరికి చల్లబడుతుంది. మన పెద్దవాళ్లకు పల్చటి స్వెటర్ ఒకటి సంచిలో పెట్టుకోవాల్సింది అక్కడే. జనవరి చివర, ఫిబ్రవరిలో వెళ్లగలిగితే మాత్రం ఫ్లోరిడా హాయిగా ఉంటుంది, మధ్యలో ప్రెసిడెంట్స్ డే సెలవు వచ్చే వారం తప్పించుకుంటే చాలు. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా ఎక్కడా వద్దు. ఐటీ వాళ్లకు సెలవులు దొరికేది ఆ రోజుల్లోనే అని తెలుసు, ఊరందరికీ దొరికేదీ అప్పుడే.

రైడ్ల విషయంలో ఫ్లోరిడాదే పైచేయి అనుకుంటారు. నాలుగు పార్కులూ కలిపితే నిజమే. ఒక పార్కుకు ఒక పార్కు పోలిస్తే, పాత డిస్నీల్యాండ్‌లో ఉన్నన్ని రైడ్లు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో లేవు. పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ రెండు చోట్లా ఉంది, కాలిఫోర్నియాలో 1967లో కట్టిన దాంట్లో పడవ చాలాసేపు తిరుగుతుంది, ఫ్లోరిడాది దానికంటే పొట్టిది. కోటల విషయంలో మాత్రం ముందే ఒకమాట. ఫ్లోరిడాలో సిండరెల్లా కోట 189 అడుగులు, అనాహైమ్‌లో స్లీపింగ్ బ్యూటీ కోట 77 అడుగులే. ఫొటోల్లో మొదటిది చూసి రెండోదాని ముందు నిలబడితే "ఇంతేనా?" అనిపిస్తుంది.

కొలవాల్సింది పిల్ల ఎత్తు. ప్రతి పెద్ద రైడ్ దగ్గరా కర్ర పట్టుకుని కొలుస్తారు, అర అంగుళం తగ్గినా లోపలికి పంపరు, బతిమాలినా లాభం లేదు. కాలిఫోర్నియా అడ్వెంచర్‌లో అందరూ ఎగబడే కార్ల రైడ్ రేడియేటర్ స్ప్రింగ్స్ రేసర్స్‌కు 40 అంగుళాలుండాలి, డిస్నీల్యాండ్‌లో మ్యాటర్‌హార్న్‌కు 42, ఇండియానా జోన్స్‌కు 46. ఫ్లోరిడాలో సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కు 38 చాలు, యానిమల్ కింగ్‌డమ్‌లోని ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్‌కు 44, మ్యాజిక్ కింగ్‌డమ్‌లోని ట్రాన్ అనే రోలర్ కోస్టర్‌కు 48 కావాలి. ఇంట్లోనే గోడకు నిలబెట్టి కొలిచి, ఇప్పుడు ఎక్కగలిగేవేవో, ఇంకోసారి వచ్చినప్పుడు ఎక్కేవేవో పిల్లకు ముందే చెప్పేయండి. క్యూలో గంట నిలబడ్డాక చెబితే ఆ ఏడుపు ఆపడం ఎవరి తరం కాదు. తాతయ్య, నానమ్మ వెంట ఉంటే ఇక్కడో లాభం. పిల్లను వాళ్ల దగ్గర వదిలి భార్యాభర్తలిద్దరూ కలిసి ఎక్కేయొచ్చు. పెద్దవాళ్లు లేకపోతే రైడర్ స్విచ్ అడగండి, ఒకరు దిగాక రెండోవాళ్లు మళ్లీ పెద్ద క్యూలో నిలబడకుండా ఎక్కొచ్చు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల కోసం గేటు దగ్గరే వీల్‌చైర్ అద్దెకు దొరుకుతుంది. అవసరం లేదని వాళ్లు మొహమాటపడతారు, మీరే తీసుకోండి. కూర్చుని చూసేవి రెండు చోట్లా ఉన్నాయి. అనాహైమ్‌లో పార్కు చుట్టూ తిరిగే రైలు, ఆవిరి పడవ. ఫ్లోరిడాలో కిలిమంజారో సఫారీ ట్రక్కు కుదుపులెక్కువ, నడుం నొప్పి ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి, కానీ నిజం జిరాఫీలు, ఏనుగులు కళ్లెదురుగా తిరుగుతుంటే వాళ్లకు అంతకు మించిన వినోదం ఉండదు. ఎప్‌కాట్‌లో చెరువు చుట్టూ 11 దేశాల పెవిలియన్లు కూడా పెద్దవాళ్లకు బాగా నచ్చుతాయి, ఆ చుట్టు తిరగడానికి దాదాపు రెండు కిలోమీటర్లు నడవాలి.

స్ట్రోలర్ రెండు చోట్లా తప్పదు, ఐదేళ్ల పిల్లకైనా సరే. తోసుకెళ్లే వ్యాగన్‌లను లోపలికి రానివ్వరు. రైడ్ దిగి వచ్చేసరికి మీ స్ట్రోలర్ పెట్టిన చోట ఉండదు, దారి కోసం సిబ్బంది వరసగా జరిపేస్తారు, వందల్లో అన్నీ నల్లవే. హ్యాండిల్‌కు ఓ ఎర్ర చున్నీ కట్టేస్తే వెతుకులాట తప్పుతుంది.

తిండి దగ్గర చాలామందికి తెలియని సంగతి: డిస్నీ పార్కుల్లోకి మన తిండి తీసుకెళ్లొచ్చు. గాజు సీసాలు, మద్యం, వేడి చేయాల్సినవి కూడదు. పులిహోర, చపాతీ చుట్టలు, చేగోడీలు నిరభ్యంతరంగా పట్టుకెళ్లండి. కౌంటర్లలో అడిగితే చల్లటి మంచినీళ్లు ఉచితంగా ఇస్తారు. పార్కు బయట మాత్రం తేడా ఉంది. అనాహైమ్ నుంచి కారులో అరగంటలోపు ఆర్టీసియాలో పయనీర్ బులెవార్డ్ పొడవునా మనవాళ్ల హోటళ్లు, కిరాణా కొట్లు ఉన్నాయి. ఫ్లోరిడాలో ఒక్క విశేషం, యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే డిస్నీ హోటల్లోని సనా రెస్టారెంట్. నాన్‌లాంటి రొట్టెలు, రకరకాల చట్నీలు తెచ్చి పెడతారు, కిటికీలోంచి జీబ్రాలు కనిపిస్తాయి. పార్కు టికెట్ లేకపోయినా వెళ్లొచ్చు, టేబుల్ ముందే బుక్ చేసుకోవాలి.

ఖర్చు గురించి ఒక్కమాటలో చెప్పడం కష్టం. టికెట్ రోజును బట్టి వంద డాలర్ల పైచిలుకు నుంచి రెండు వందల చుట్టూ ఉంటుంది, రోజులు పెరిగితే రోజుకు పడే ధర తగ్గుతుంది. మూడేళ్ల లోపు పిల్లలకు ఉచితం, పదేళ్లు నిండితే పెద్దవాళ్ల టికెట్. అనాహైమ్ రెండు మూడు రోజుల్లో తృప్తిగా అయిపోతుంది. ఫ్లోరిడాకు నాలుగు పార్కులకు నాలుగు రోజులు, మధ్యలో విశ్రాంతికి ఒకరోజు, అక్కడే తడిసి మోపెడవుతుంది. కానీ రెండు కుటుంబాలు కలిసి ఆర్లాండో పక్క ఊరు కిసిమీలో వంటగది, స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుంటే లెక్క మారిపోతుంది, పొద్దున్నే ఉప్మా వండుకుని బయల్దేరొచ్చు. అలాంటి గుంపుకు, వారం రోజులు చేతిలో ఉంటే, నేనూ ఫ్లోరిడానే అంటాను. ఇంట్లో ఉన్నది ఐదేళ్ల పిల్ల కాక పన్నెండు, పదమూడేళ్ల పిల్లలైతే కూడా అంతే. 2025 మేలో తెరిచిన ఎపిక్ యూనివర్స్‌తో కలిపి యూనివర్సల్ పార్కులు పక్కనే ఉన్నాయి, గంట దూరంలో కెనెడీ స్పేస్ సెంటర్ ఉంది. తాతయ్యలకు రాకెట్లు కోటల కంటే బాగా నచ్చుతాయి.

ప్రయాణం సంగతి మీ ఊరిని బట్టి. డాలస్ వాళ్లకు రెండు వైపులా ఫ్లైట్ సమయంలో పెద్ద తేడా లేదు. న్యూజెర్సీ వాళ్లకు ఆర్లాండో దగ్గర, కానీ కాలిఫోర్నియా వెళ్తే మూడు గంటల తేడా కలిసొస్తుంది. పిల్లలు వాళ్లంతట వాళ్లే ఐదింటికి లేచి కూర్చుంటారు, గేటు తెరిచేసరికి ముందు వరసలో ఉంటారు. రాత్రి బాణసంచాకు ముందే నిద్రపోతారు, అది వేరే సంగతి.

ఇక టికెట్లు. అనాహైమ్‌లో టికెట్‌తో పాటు ఫలానా రోజుకు పార్క్ రిజర్వేషన్ కూడా ఉండాలి, అది మర్చిపోతే గేటు దగ్గర ఆగిపోతారు. సగం వాడిన టికెట్లు చవగ్గా ఇస్తామంటే కొనకండి, ఒకరి టికెట్ ఇంకొకరికి చెల్లదు. డబ్బు కట్టి క్యూ తప్పించుకునే లైట్నింగ్ లేన్ రెండు చోట్లా ఉంది. ఫ్లోరిడాలో మూడు రోజుల ముందు, డిస్నీ హోటల్లో దిగితే వారం ముందు, ఉదయం ఏడింటికి ఫోన్ పట్టుకుని టైములు ఎంచుకోవాలి. అనాహైమ్‌లో పార్కులోకి వెళ్లాక ఒక్కొక్కటిగా ఎంచుకుంటే సరిపోతుంది, ముందు రోజుల టెన్షన్ లేదు. లైట్నింగ్ లేన్ మనిషికింత అని కొనేది. పెద్ద రైడ్లు ఎక్కని అమ్మానాన్నకు కొనకండి, ఎక్కేవాళ్లకు కొంటే చాలు.