సెంటరా, ఫోకసా: ఏ పద్ధతిని నమ్మాలి?

అవకలన సమీకరణాల వ్యవస్థలో కదలిక ఆగిపోయే బిందువు, అంటే క్రిటికల్ పాయింట్, ఏ రకమో తేల్చే లెక్క కనబడగానే చెయ్యి జాకోబియన్ (పాక్షిక అవకలనాల మాత్రిక) వైపే వెళుతుంది. నేనూ మొదట అదే వేస్తాను. ఆ మాత్రిక ఐగెన్ విలువల గుర్తులు వేరైతే శాడిల్ (ఒక దిశలో దారులు దగ్గరికొస్తాయి, ఇంకో దిశలో దూరమవుతాయి), రెండూ ఒకే గుర్తున్న వాస్తవ సంఖ్యలైతే నోడ్ (దారులన్నీ చుట్టుకోకుండా లోపలికో బయటికో పోతాయి), సంకీర్ణ సంఖ్యలై వాస్తవ భాగం సున్నా కాకపోతే ఫోకస్ (దారులు చుట్టుకుంటూ లోపలికో బయటికో పోతాయి). ఐదు నిమిషాల పని.

వాస్తవ భాగం సున్నా అయినప్పుడే అసలు చిక్కు: అది ఫోకసో, చుట్టూ మూసుకున్న వలయాలే ఉండే సెంటరో జాకోబియన్ చెప్పలేదు. ఇది చూడండి (′ గుర్తు అంటే కాలంతో మార్పు రేటు):

ఎక్స్′ = −వై − ఎక్స్(ఎక్స్² + వై²)
వై′ = ఎక్స్ − వై(ఎక్స్² + వై²)

మూలబిందువు దగ్గర ఐగెన్ విలువలు ±ఐ, అంటే వాస్తవ భాగం సున్నా. జాకోబియన్‌ను నమ్మి సెంటర్ అని రాస్తే తప్పు. ధ్రువ నిరూపకాల్లోకి (ఆర్ అంటే మూలబిందువు నుంచి దూరం, తీటా అంటే కోణం) మారిస్తే ఆర్′ = −ఆర్³, తీటా′ = 1 అని వస్తుంది. దూరం తగ్గుతూనే ఉంది కాబట్టి ఇది లోపలికి చుట్టుకునే ఫోకస్.

కంప్యూటర్లో గీసి చూస్తే పోదా అని చాలామంది అడుగుతారు. ఆర్ 0.1 నుంచి సగానికి రావడానికి దాదాపు 24 చుట్లు పడతాయి. 0.01 నుంచి సగానికి రావాలంటే దాదాపు 2,400 చుట్లు! తెర మీద అది మూసుకున్న వలయంలాగే కనిపిస్తుంది. ఆయిలర్ పద్ధతితో (దారిని చిన్న చిన్న సరళరేఖ అడుగులుగా గీసే పద్ధతి) 0.01 స్టెప్ పెట్టి గీసినప్పుడు నాకు ఇంకో వింత ఎదురైంది. లోపలి దారులు బయటికి, బయటి దారులు లోపలికి వచ్చి 0.07 వ్యాసార్థం దగ్గర కలిశాయి. లిమిట్ సైకిల్ (పక్క దారులు వచ్చి చేరే ఒంటరి వలయం) దొరికిందనుకుని ఒక పూటంతా దాని వెంటే పడ్డాను. స్టెప్ సగం చేయగానే వలయం 0.05కి తగ్గింది. నిజమైన లిమిట్ సైకిల్ అయితే స్టెప్‌తో పాటు అలా కుంచించుకుపోదు. అందుకే గ్రాఫ్‌ను ఊహకు వాడతాను, రుజువుకు మాత్రం వాడను.

ధ్రువ నిరూపకాలు కూడా అన్నిచోట్లా పనికిరావు. ఏడ్రియాటిక్ సముద్రంలో చేపల హెచ్చుతగ్గులను వివరించడానికి 1926లో గణితవేత్త వోల్టెరా ఇచ్చిన నమూనాను, గుణకాలన్నీ 1గా తీసుకుని చూడండి: ఎక్స్′ = ఎక్స్(1 − వై), వై′ = వై(ఎక్స్ − 1). (1, 1) దగ్గర మళ్లీ ±ఐ. ఇక్కడ ఆర్, తీటా పెడితే లెక్క గజిబిజి అవుతుంది. అదే ఎక్స్ − లాగ్ ఎక్స్ + వై − లాగ్ వై (లాగ్ అంటే సహజ సంవర్గమానం) అనే రాశిని కాలంతో అవకలనం చేయండి, సున్నా వస్తుంది. దాని కనిష్ఠం సరిగ్గా (1, 1) దగ్గరే ఉంది కాబట్టి చుట్టూ మూసుకున్న వక్రాలే. ఇది సెంటర్.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇదే, ఎందుకంటే ఒకే రాశి మొత్తం బొమ్మను చేతికిస్తుంది. కానీ ఆ రాశిని వెతికి పట్టుకోవడానికి సాధారణ సూత్రం లేదు. వర్గ వ్యవస్థలకైతే (కుడివైపు రెండో ఘాతం వరకే ఉన్నవి) మూడు లియాపునోవ్ రాశులు (ఒక చుట్టు తిరిగాక దారి లోపలికో బయటికో జరిగిందా అని చెప్పే సంఖ్యలు) చూస్తే చాలని గణితవేత్త బౌటిన్ తేల్చాడు. ఘన వ్యవస్థలన్నిటికీ ఇలాంటి పూర్తి జవాబు ఇంకా రాలేదు.

కాబట్టి ±ఐ రాగానే నేను ముందు సౌష్ఠవం కోసం చూస్తాను. ఎక్స్′ = వై, వై′ = −ఎక్స్ − ఎక్స్² తీసుకోండి. వై గుర్తునూ కాలం గుర్తునూ కలిపి తిప్పితే సమీకరణాలు మారవు. పై సగంలో వెళ్లిన దారి కింది సగంలో అద్దంలో బొమ్మలా తిరిగొచ్చి మూసుకుంటుంది. మూలబిందువు సెంటర్ అని ఇంకే లెక్కా చేయకుండా రాసేయొచ్చు.