కడపలో పాత పుస్తకాల షాపు: బైండు సీరియళ్ల కోసమైతే పోండి

నేను తరచూ పోయే ఈ షాపుకు బోర్డు కూడా సరిగా లేదు. బయటి నుంచి చూస్తే డీఎస్సీ, గ్రూప్-2 గైడ్లు, ఇంటర్ మెటీరియల్ తప్ప ఇంకేం కనపడవు. షాపు నడిచేది వాటి మీదే, తప్పు పట్టలేం. కథలు, నవలలు కావాలంటే లోపలికి పోయి కింది అరల ముందు నేల మీద కూర్చోవాల్సిందే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎవరినైనా తోడు తీసుకుపోండి.

అసలు సరుకు బైండు సీరియళ్లు. ఒకప్పుడు మన ఇళ్లల్లో ఆడవాళ్లు వారపత్రికల్లోని సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచి, అయిపోయాక కుట్టించి అట్ట వేయించుకునేవాళ్లు. నవలగా అచ్చయిన ప్రతిలో లేనివన్నీ వీటిలో ఉంటాయి. ప్రతి వారం బొమ్మ, సగం తెగిన వంటల శీర్షిక, పక్కనే తలనూనె ప్రకటన. కథ కంటే ముందు నేను ఆ వెనక పేజీలే చదువుతాను. అద్దె లైబ్రరీల ముద్రలున్న నవలలూ దొరుకుతాయి. ఒకదాని చివర ఎవరో పెన్సిల్‌తో ‘ముగింపు బాగలేదు’ అని రాస్తే, కింద ఇంకొకరు ‘నీకు అర్థం కాలేదు’ అని రాశారు. దాన్ని ఆ రాతల కోసమే కొన్నా. ‘యువ’ మాసపత్రిక దీపావళి సంచిక ఎప్పుడైనా తగిలి, వడ్డాది పాపయ్య బొమ్మ చిరగకుండా ఉంటే బేరమాడకండి, తీసేసుకోండి.

బైండు కొనేముందు చివరి పేజీలు చూసుకోండి. మధ్యలో ఒక వారం లేకపోయినా కథ ఊహించుకోవచ్చు. ఆఖరి వారమే లేకపోతే ఎవర్ని అడగాలి?

నా ఫిర్యాదల్లా ఒకటే. కడప షాపులో కడప రచయితలు దొరకరు. కేతు విశ్వనాథరెడ్డిది ఈ జిల్లానే, కథలకు 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన సంపుటి ఉందా అన్నా అంటే, “వచ్చిన్రోజే పోతాదక్కా, నువ్వే లేటు” అంటాడు. ఎప్పుడడిగినా అదే మాట. విమర్శకుడు రారా (రాచమల్లు రామచంద్రారెడ్డి) నడిపిన ‘సంవేదన’ పత్రిక సంచిక ఒక్కటీ అక్కడ నా కంట పడలేదు. అలాంటివి ఉన్నవాళ్లు తూకానికి వేయరేమో, అదీ నిజమే. ఊరి సంగతులు లోతుగా చదవాలనుకుంటే ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయానికి పోవడం మేలు. షాపులో వెతికి లాభం లేదు.

అచ్చు ధర ఉన్న పుస్తకానికి అందులో సగం అడుగుతాడు. బైండ్లకు ధర ఉండదు కాబట్టి మన ముఖం చూసి చెప్తాడు. ఎంత నచ్చినా బయటపడకండి. పిల్లల గైడుతో కలిపి అడిగితే తగ్గిస్తాడు. బడులు తెరిచే జూన్‌లో మాత్రం పోవద్దు, లోపలికి అడుగు పెట్టే చోటుండదు. ఫోన్‌పే ఉంది. రసీదు ఇవ్వడు, వాపసు తీసుకోడు.