వీసాక్‌లో నేమ్‌స్పేస్ ఐసొలేషన్: పాత ప్రోగ్రామ్‌లను కదపకుండా వచ్చిన మార్పుపై సమీక్ష

హోస్ట్ కంప్యూటర్‌కూ దానిపై నడిచే వర్చువల్ మెషీన్లకూ మధ్య సమాచారం నడిపే వీసాక్ సాకెట్లు ఇంతకాలం నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌ల (ఒకే కెర్నల్‌పై ప్రోగ్రామ్‌ల గుంపులకు వేర్వేరు నెట్‌వర్క్‌లను చూపే విభాగాల) హద్దులను లెక్కచేయలేదు. లైనక్స్ కెర్నల్‌లో ఇటీవల చేరిన కొత్త సదుపాయం ఆ లోటును తీరుస్తోంది. ఒకే హోస్ట్‌పై వేర్వేరు వాడుకరుల వర్చువల్ మెషీన్లను నడిపేవారు దీన్ని తప్పక వాడుకోవాలన్నది నా నిర్ణయం. అయితే ఒకటి రెండు చోట్ల దీని పరిమితులు తెలియకుండా ఆన్ చేస్తే, ఐసొలేషన్ (ఒకరిని మరొకరు చేరకుండా వేరుచేయడం) ఉన్నదన్న నమ్మకం మిగిలి అసలు ఐసొలేషన్ లేకుండా పోయే ప్రమాదం కూడా ఉన్నది. అందుకే కొంత వివరంగా రాస్తున్నాను.

వీసాక్ 2013లో లైనక్స్ 3.9తో కెర్నల్‌లోకి వచ్చింది. మొదట వీఎంవేర్ వారి వీఎంసీఐ ట్రాన్స్‌పోర్ట్ (సమాచారాన్ని నిజంగా మోసే కింది పొర) ఒక్కటే ఉండేది. 2016లో 4.8తో విర్ట్‌ఐఓ, 2017లో 4.14తో హైపర్-వీ దానికి తోడయ్యాయి. దీనిలో ఐపీ చిరునామా ఉండదు. ప్రతి వర్చువల్ మెషీన్‌కు సీఐడీ అనే 32 బిట్ల సంఖ్య, దానితోపాటు 32 బిట్ల పోర్ట్ సంఖ్య ఉంటాయి. సీఐడీ 1 లూప్‌బ్యాక్‌కు (మెషీన్ తనతో తాను మాట్లాడుకోవడానికి), 2 హోస్ట్‌కు కేటాయించినవి కాబట్టి గెస్ట్‌ల, అంటే వర్చువల్ మెషీన్ల, సంఖ్యలు 3 నుంచి మొదలవుతాయి. నెట్‌వర్క్ కార్డు, రూటింగ్, డీహెచ్‌సీపీ ఏవీ అక్కరలేకుండా గెస్ట్ లోపలి ఏజెంట్‌తో (బయటి ఆదేశాలు అందుకునే చిన్న ప్రోగ్రామ్‌తో) మాట్లాడగలగడమే దీని ఆకర్షణ. కానీ ఐపీ మార్గాన్ని వదిలి పక్కగా వెళ్తుంది కనుక ఫైర్‌వాల్ నియమాలు కూడా దీనిని తాకవు. నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు 2008 నుంచే, అంటే వీసాక్ కంటే ఐదేళ్ల ముందు నుంచే కెర్నల్‌లో ఉన్నా, సీఐడీల పట్టిక మాత్రం మొత్తం హోస్ట్‌కు ఒక్కటిగానే ఉండిపోయింది.

దీని పర్యవసానాలు రెండు రకాలు. మొదటిది ఇబ్బంది: రెండు కంటైనర్లలో (హోస్ట్ కెర్నల్‌నే వాడుకుంటూ ప్రోగ్రామ్‌లను విడిగా నడిపే పెట్టెల్లో) వేర్వేరుగా నడిచే క్యూఎంయూలు (వర్చువల్ మెషీన్లను నడిపే ప్రోగ్రామ్‌లు) రెండూ సీఐడీ 3 అడిగితే, రెండోదానికి ఆ చిరునామా ఇప్పటికే వాడుకలో ఉందన్న ఎర్రర్ వస్తుంది. అందువల్ల ఒకరికొకరు సంబంధం లేని ప్రోగ్రామ్‌లు కూడా సంఖ్యలు పంచుకోవడానికి ఏదో ఒక ఒప్పందానికి రావలసి వచ్చేది. రెండోది ఇంకా తీవ్రమైనది: నెట్‌వర్క్ పరంగా పూర్తిగా వేరు చేశామనుకున్న కంటైనర్ నుంచి హోస్ట్‌పై ఉన్న ఏ వర్చువల్ మెషీన్ పోర్ట్‌కైనా వీసాక్ ద్వారా కనెక్ట్ కావచ్చు. ఈ కారణంతోనే కంటైనర్లను నడిపే డాకర్, కంటైనర్‌డీ రెండూ తమ డిఫాల్ట్ సెకాంప్ ప్రొఫైల్‌లో (ప్రోగ్రామ్ కెర్నల్‌ను ఏయే పనులు అడగవచ్చో చెప్పే జాబితాలో) వీసాక్ సాకెట్ సృష్టించడాన్నే అడ్డుకున్నాయి. ఆ నిర్ణయం సరైనదే. కాకపోతే అది తలుపుకు తాళం వేయడం కాదు, తలుపు ఉన్నచోట గోడ కట్టడం. కంటైనర్ లోపల న్యాయంగా వీసాక్ అవసరమైన వారికి కూడా దారి మూసుకుపోయింది.

మరి ఇతర సాకెట్లలాగే వీసాక్‌ను కూడా నేమ్‌స్పేస్ ప్రకారం నేరుగా విడదీస్తే సరిపోయేది కదా అనిపించడం సహజం. అక్కడే చిక్కు ఉన్నది. వర్చువల్ మెషీన్ల లోపల కంటైనర్లను నడిపే రన్‌టైమ్‌లు ట్యాప్ పరికరం (వర్చువల్ మెషీన్‌ను నెట్‌వర్క్‌కు కలిపే సాఫ్ట్‌వేర్ నెట్‌వర్క్ కార్డు) కనిపించాలన్న కారణంతో క్యూఎంయూ వంటి వర్చువల్ మెషీన్ మానిటర్‌ను పాడ్ (కలిసి నడిచే కంటైనర్ల గుంపు) నేమ్‌స్పేస్‌లో మొదలుపెట్టి, దానితో మాట్లాడే నిర్వహణ ప్రాసెస్‌ను హోస్ట్ నేమ్‌స్పేస్‌లోనే ఉంచే పద్ధతి ఒకటి ఉన్నది. నేమ్‌స్పేస్ హద్దును వీసాక్ దాటగలదన్న గుణం మీదే ఆ పద్ధతి నిలబడి ఉంది. అది లోపమే కావచ్చు, కానీ దాని మీద ఇళ్లు కట్టుకున్నవారు ఉన్నారు. కెర్నల్ అప్‌డేట్ చేసిన మరుసటి ఉదయం వాళ్ల పాడ్‌లన్నీ ఏజెంట్ దొరకక ఆగిపోతే, ఏ భద్రతా ప్రయోజనమూ దానిని సమర్థించలేదు. ఈ సదుపాయాన్ని రూపొందించినవారు దీనిని మొదటి షరతుగా తీసుకోవడం నాకు అన్నిటికంటే నచ్చిన విషయం.

వారు ఎంచుకున్న మార్గం ఇది. ప్రతి నేమ్‌స్పేస్‌కు ఒక వీసాక్ మోడ్ ఉంటుంది: గ్లోబల్ లేదా లోకల్. గ్లోబల్ మోడ్‌లో ఉన్న నేమ్‌స్పేస్‌లన్నీ పూర్వంలాగే ఒకే సీఐడీ పట్టికను పంచుకుంటాయి. లోకల్ మోడ్‌లో ఉన్న నేమ్‌స్పేస్‌కు తన పట్టిక తనదే. దానిలోని సాకెట్లు అదే నేమ్‌స్పేస్‌కు చెందిన వర్చువల్ మెషీన్లను, లూప్‌బ్యాక్ సాకెట్లను మాత్రమే చేరగలవు, బయటివారు వీటిని చేరలేరు. హోస్ట్ మొదటి నేమ్‌స్పేస్ ఎప్పుడూ గ్లోబలే. ఏమీ మార్చకపోతే కొత్తవీ గ్లోబల్‌గానే పుడతాయి. కాబట్టి కెర్నల్ మారినా, సెట్టింగ్ ముట్టుకోని వారికి ఒక్క ప్రోగ్రామ్ ప్రవర్తన కూడా మారదు. ప్రోగ్రామ్‌లను తిరిగి కంపైల్ చేయనక్కరలేదు, కొత్త సాకెట్ ఆప్షన్ ఏదీ నేర్చుకోనక్కరలేదు.

మోడ్‌ను నేమ్‌స్పేస్ పుట్టేటప్పుడే నిర్ణయించడం ఈ డిజైన్‌లోని అసలు తెలివి. నడుస్తున్న నేమ్‌స్పేస్ మోడ్‌ను మార్చనిస్తే, అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లను ఏం చేయాలి, రెండు పట్టికల్లోనూ ఒకే సీఐడీ ఉంటే ఎవరిని నిలపాలి అన్న ప్రశ్నలకు మంచి జవాబు లేదు. అందుకే ఎన్‌ఎస్ మోడ్ అనే సెట్టింగ్ చదవడానికి మాత్రమే. చైల్డ్ ఎన్‌ఎస్ మోడ్ అనే మరో సెట్టింగ్‌లో, ఇకపై ఇక్కడి నుంచి పుట్టబోయే నేమ్‌స్పేస్‌లు ఏ మోడ్‌లో ఉండాలో రాస్తాము. దీనిని ఒక్కసారే నిర్ణయించవచ్చు. ఆ తర్వాత వేరే విలువ రాయబోతే కెర్నల్ తిరస్కరిస్తుంది. ఇది మొండితనంలా కనిపించినా కారణం గట్టిది: ఒక నిర్వాహక ప్రాసెస్ లోకల్ అని రాసి నేమ్‌స్పేస్ సృష్టించేలోపు మరో ప్రాసెస్ దానిని గ్లోబల్‌గా మార్చేస్తే, మొదటిది తాను ఐసొలేషన్ పొందానన్న భ్రమలో ఉండిపోతుంది. అలాగే లోకల్ నేమ్‌స్పేస్ తన పిల్లలకు గ్లోబల్ మోడ్ ఇవ్వలేదు. లేకపోతే లోపల ఇంకొక నేమ్‌స్పేస్ సృష్టించుకుని హద్దు దాటేయడం ఎవరికైనా సాధ్యమయ్యేది.

ఆచరణలో ఫలితం చెప్పినట్టే ఉన్నది. రెండు లోకల్ నేమ్‌స్పేస్‌లలో రెండు గెస్ట్‌లకు ఒకే సీఐడీ 3 ఇచ్చి, రెండింటిలోనూ ఒకే పోర్ట్‌పై సర్వర్ నడిపితే, ఎవరి నేమ్‌స్పేస్ నుంచి వచ్చిన కనెక్షన్ వారికే చేరుతుంది. లూప్‌బ్యాక్ కూడా అంతే. పరీక్షలు నడిపేవారికి ఇది చిన్న లాభం కాదు, ఎందుకంటే ఒకే పోర్ట్ వాడే రెండు టెస్ట్‌లను ఇప్పుడు పక్కపక్కనే నడపవచ్చు.

ఇక లోటుపాట్లు. అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసినది, వర్చువల్ మెషీన్ ఏ నేమ్‌స్పేస్‌కు చెందుతుందన్నది వీహోస్ట్ వీసాక్ (హోస్ట్ వైపు ట్రాన్స్‌పోర్ట్) పరికర ఫైల్‌ను ఎవరు తెరిచారన్న దానిపై ఆధారపడుతుంది, క్యూఎంయూ ఎక్కడ నడుస్తోందన్న దానిపై కాదు. వర్చువల్ మెషీన్లను నిర్వహించే లిబ్‌వర్ట్ ఆ ఫైల్‌ను తానే తెరిచి, తెరిచిన డిస్క్రిప్టర్‌ను (తెరిచిన ఫైల్‌కు గుర్తుగా ఉండే సంఖ్యను) క్యూఎంయూకు అందిస్తుంది. అలాంటి చోట క్యూఎంయూను లోకల్ నేమ్‌స్పేస్‌లోకి తోసినా, గెస్ట్ మాత్రం లిబ్‌వర్ట్ డీమన్ (నేపథ్యంలో నడిచే దాని ప్రోగ్రామ్) ఉన్న నేమ్‌స్పేస్‌కే చెందుతుంది. కెర్నల్ దృష్టిలో ఇది సబబే. కానీ ఈ విషయం డాక్యుమెంటేషన్‌లో లావు అక్షరాలతో కనిపించాలని నా కోరిక.

రెండవది, ఐసొలేషన్ వల్ల కనెక్షన్ విఫలమైనప్పుడు వచ్చే ఎర్రర్, ఆ సీఐడీ అసలు లేనప్పుడు వచ్చే ఎర్రరే. అటువంటి పరికరం లేదు అని మాత్రమే తెలుస్తుంది. అవతల ఏముందో బయటపెట్టకపోవడం భద్రత దృష్ట్యా మంచిదే అయినా, అర్ధరాత్రి సమస్య వెతికే నిర్వాహకుడికి ఇది కష్టం. ముందుగా ఎన్‌ఎస్ మోడ్ చదివి చూసే అలవాటు చేసుకోవడమే దారి.

మూడవది గెస్ట్ వైపు సంగతి. లోకల్ మోడ్ వీహోస్ట్‌కూ లూప్‌బ్యాక్‌కూ మాత్రమే వచ్చింది. వర్చువల్ మెషీన్ లోపలి నుంచి హోస్ట్ వైపు వెళ్లే విర్ట్‌ఐఓ, హైపర్-వీ, వీఎంసీఐ ట్రాన్స్‌పోర్ట్‌లు గ్లోబల్ నేమ్‌స్పేస్‌లలోనే పనిచేస్తాయి. కనుక గెస్ట్ లోపల కంటైనర్లను లోకల్ మోడ్‌లో పెడితే అవి హోస్ట్‌తో మాట్లాడలేవు. కొందరికి అదే కావలసినది కావచ్చు. కానీ గెస్ట్ లోపలి ఒకే ఒక్క కంటైనర్‌కు హోస్ట్‌ను చేరే హక్కు ఇచ్చి మిగతావాటికి నిరాకరించాలంటే, ఆ ఒక్కదాన్ని గ్లోబల్‌గా ఉంచడం తప్ప వేరే మార్గం లేదు.

ఒక్కసారే రాయగల సెట్టింగ్ గురించి ఒక సలహా. హోస్ట్ మొదటి నేమ్‌స్పేస్‌లో లోకల్ అని రాసేస్తే, రీబూట్ చేసేవరకు అక్కడి నుంచి పుట్టే ప్రతి నేమ్‌స్పేస్ లోకలే అవుతుంది, పైన చెప్పిన పాత తరహా రన్‌టైమ్‌లవి కూడా. రెండు రకాలూ ఒకే హోస్ట్‌పై ఉండాలంటే, మొదటి నేమ్‌స్పేస్‌ను ముట్టుకోకుండా, దాని కింద ఒక మధ్యస్థ నేమ్‌స్పేస్ సృష్టించి, అందులో చైల్డ్ ఎన్‌ఎస్ మోడ్‌ను లోకల్ చేసి, ఐసొలేషన్ కావలసిన వర్చువల్ మెషీన్ల నిర్వాహక ప్రాసెస్‌ను అక్కడి నుంచే నడపడం మేలు. పాతవి పాత చోటే ఉంటాయి, కొత్తవి కొత్త చోట పుడతాయి.

సొంత కంప్యూటర్‌పై రెండు మూడు వర్చువల్ మెషీన్లు నడుపుకునేవారు ఇదేమీ ఆన్ చేయనవసరం లేదు. ఒకరినొకరు నమ్మని వాడుకరులు ఒకే హోస్ట్‌ను పంచుకునే చోట మాత్రం, కంటైనర్ రన్‌టైమ్ సర్వీస్ మొదలవక ముందే ఈ ఏర్పాటు జరిగిపోవాలి, ఎందుకంటే అప్పటికే పుట్టిన నేమ్‌స్పేస్‌లను ఆ తర్వాత మార్చలేము. సెకాంప్ అడ్డును అందరికీ ఒక్కసారిగా తీసేయకుండా, లోకల్ మోడ్‌లో ఉన్నాయని సరిచూసుకున్న కంటైనర్లకు మాత్రమే ప్రత్యేక ప్రొఫైల్‌తో సడలించండి. గెస్ట్ వైపు ట్రాన్స్‌పోర్ట్‌లకు కూడా లోకల్ మోడ్ వచ్చేవరకు, వర్చువల్ మెషీన్ లోపలి కంటైనర్ల విషయంలో ఆ అడ్డును ఉన్నది ఉన్నట్టే ఉంచండి.